పసుపు గోబీకి గవ్వల గడప

మా ముత్తాత ఈ ఊరి పోలీసు పటేలు. ఆయన తండ్రీ పోలీసు పటేలే. మా తాత ఆఖరి పటేలు. ఊళ్ళో దొంగతనం జరిగినా, పొలిమేర దగ్గర తగాదా పడినా, ముక్కూ మొహం తెలియని మనిషి ఊళ్ళో అడుగుపెట్టినా కబురు ముందు మా గడపకు రావాలి, తర్వాతే ఠాణాకు పోవాలి. చావడి అరుగు మీద మా ముత్తాత కూర్చునే బండ వేరే ఉండేది. ఆయన ఊళ్ళో లేనప్పుడు కూడా దాని మీద ఎవరూ కూర్చునేవారు కాదు. ఏరువాక పున్నమినాడు ఊరి ఎడ్లన్నీ బారులు తీరితే అన్నిటికన్నా ముందు మా జోడెడ్లు నడిచేవి, మెడల్లో గవ్వల పట్టెడలతో. అవి కదిలాకే ఊరు కదిలేది.

పటేల్గిరీలు రద్దయ్యాయి. చావడి కూలింది. భూమి పంపకాల్లో కొంత, అక్కరలకు కొంత పోయింది. ఇప్పుడు రావిర్యాల వైపు వెళ్ళే దారిలో, విమానాలు దిగే దారికి సరిగ్గా కింద, పాత ఇంట్లో మిగిలిన ముందు హాలులోనూ రెండు గదుల్లోనూ మేం ముగ్గురం ఉంటున్నాం: నేను, నా భార్య, మా మేనత్త. మేనత్త మా నాన్నకు అక్క. భర్త పోయాక పుట్టింటికి వచ్చి, వచ్చిన రోజే తాళంచెవుల గుత్తి బొడ్లో దోపుకుంది. హాల్లో ముత్తాత ఫోటో ఉంది. దాని కింద మేకుకు ఎడ్ల పట్టెడలు రెండూ వేలాడుతుండేవి.

అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, వేలెడంత చేప గురించి రాయడానికి కూర్చున్నాను. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఆ చేపను తలుచుకుంటే ఇప్పటికీ నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

నేను విమానాశ్రయం కార్గో షెడ్డులో సూపర్‌వైజరును. పెట్టెలు వస్తుంటాయి, పోతుంటాయి. లోపల ఏముందో కాగితం చెప్తుంది. తెరిచి చూడాలన్న కోరిక నాకెప్పుడూ కలగలేదు. ఒక మధ్యాహ్నం చెన్నై విమానం బాగా ఆలస్యమైంది. అత్తాపూర్‌లో సముద్రపు చేపల దుకాణం నడిపే ఒకాయన పొద్దుటి నుంచి షెడ్డు బయట నిలబడి ఉన్నాడు. కాకినాడ మనిషి. లావుపాటి కళ్ళద్దాలు, చెమటకు ఒంటికి అతుక్కుపోయిన చొక్కా. పెట్టె దిగిందని తెలియగానే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"సార్, కాస్త త్వరగా చూడండి సార్. లోపల ప్రాణాలున్నాయండి."

వరస తప్పించి నేనెవరికీ ఏదీ చేయను. ప్రాణమున్న సరుకు ముందు కదలాలన్నది నియమం కాబట్టి ముందు కదిలించాను. ఆయనకు ఆగడం చేతకాలేదు. అక్కడే, లైటు కింద, థర్మోకోల్ పెట్టె మూత తీసి ఒక్కో సంచీ పైకెత్తి చూడసాగాడు. గాలి నింపి మూతి కట్టిన ప్లాస్టిక్ సంచులు. వాటిలో నీలం చేపలు, చారల చేపలు కంగారుగా గిరగిరా తిరుగుతున్నాయి.

ఒక సంచిలో మాత్రం ఒక చేప అడుగున పొట్ట ఆనించి కూర్చుని ఉంది. పసుపు అంటే ముద్దబంతి పసుపు. తల మీదా బుగ్గల మీదా నీలం చుక్కలు, ఎవరో పుల్లతో అద్దినట్టు. కళ్ళు నడినెత్తికి దగ్గరగా ఉబ్బి ఉన్నాయి. నోరు కిందికి వంగి, ఎదుటివాడు తక్కువ మాట అన్నట్టు బిగుసుకుని ఉంది. అది ఈదడం లేదు, కంగారు పడడం లేదు. నా వంక చూస్తోంది. నువ్వెవరివి, ఎవరిని అడిగి ఇక్కడికి వచ్చావు, అన్నట్టు.

ఆ మొహం నాకు తెలుసు. మా హాల్లో ఫోటోలో ఉంది.

"ఇదేం చేప?" అన్నాను.

"గోబీ అండీ. వాచ్‌మన్ గోబీ అంటారు."

"ఈ మొహానికి వాచ్‌మన్ అని పేరు పెట్టినవాడెవడు?"

ఆయన నవ్వాడు. "ఆదివారం మా దుకాణానికి రండి సార్. దీని సంగతి చెబితే మీరు నమ్మరు. చూపిస్తాను."

ఆదివారం దాకా ఆగడం నా వల్ల అయ్యే పని కాదనిపించింది. ఆగాను. ఆరాంఘర్ చౌరస్తా దాటి, ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాల నీడలోనే బండి నడుపుకుంటూ వెళ్ళి, ఆయన షట్టరు ఎత్తేసరికి నేను దాని ముందు నిలబడి ఉన్నాను.

లోపల చీకటిగా ఉంది, తొట్టెలు మాత్రం వెలుగుతున్నాయి. ఒక మూల తొట్టె దగ్గర నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, "కదలకండి సార్, చూస్తూ ఉండండి" అన్నాడు. ఇసుకా, విరిగిన పగడపు ముక్కలూ కలిసిన నేల. ఒక రాయి కింద చిన్న బొక్క. బొక్క గుమ్మంలో మన పసుపు గోబీ, ముందు రెక్కల మీద మోచేతులు ఆనించినట్టు ఆనుకుని కూర్చుంది. కాసేపటికి దాని వెనక చీకట్లో ఏదో కదిలింది. ఎర్రటి చారల రొయ్య ఒకటి, రెండు చేతులా ఇసుక ఎత్తుకుని బయటికి వచ్చింది! గుమ్మం అవతల ఆ ఇసుక కుమ్మరించి లోపలికి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. ఈసారి ఒక పగడపు ముక్క లాక్కొచ్చి గుమ్మం పక్కన నిలబెట్టింది. అది బయట ఉన్నంతసేపూ దాని పొడుగాటి మీసం ఒకటి గోబీ తోకకు తగులుతూనే ఉంది.

"ఆ రొయ్యకి చూపు సరిగా ఆనదండి," అన్నాడాయన, గొంతు బాగా తగ్గించి, నిద్రపోయే పసివాళ్ళ దగ్గర మాట్లాడినట్టు. "గోబీకి తవ్వడం రాదు. రొయ్య ఇల్లు కడుతుంది, గోబీ కాపలా కాస్తుంది. ఇప్పుడు చూడండి." తొట్టె పైన చెయ్యి ఊపాడు. గోబీ తోక చిటుక్కున అల్లాడింది. రొయ్య లోపలికి మాయం. మరుక్షణం గోబీ కూడా తల ముందు పెట్టి అదే బొక్కలోకి దూరింది.

నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. చప్పట్లు కొట్టబోయి మానుకున్నాను.

ఆయన చెప్తూ పోయాడు. ఈ చేప నీళ్ళలో పైపైకి ఈదే రకం కాదట. సముద్రంలో ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువగా, అలల కొట్టుడు లేని చోట అడుగునే బతుకుతుందట. ఇసుక, బురద, విరిగిన పగడం, గుల్లల పెంకులు కలిసిన నేల దానిది. ఆ నేల మీద జానెడు మేర తన సొంతం. ఇంకో గోబీ ఆ హద్దులోకి వస్తే నోరు తెరిచి బెదిరిస్తుంది. గుమ్మం వదిలి దూరం పోదు.

పొలిమేర, గుమ్మం, కాపలా. నాకు ఇంకేం చెప్పాలి?

"ఈ జంటను నా తరఫున పట్టుకెళ్ళండి సార్. ఆ రోజు మీరు త్వరగా చూడకపోతే సగం చచ్చిపోయేవి."

"అది నా ఉద్యోగం. మాది పటేళ్ళ ఇల్లు, ఊరికే తీసుకునే అలవాటు లేదు."

"అయ్యో, తప్పుగా అనుకోకండి. పటేలుగారి వంశమని ముందే చెప్పొద్దూ!"

తొట్టె, లైటు, మోటారు, ఉప్పు పాకెట్లు, ఇసుక బస్తా అన్నీ బేరమాడకుండా కొన్నాను. చేపనూ రొయ్యనూ మాత్రం అప్పుడే ఇవ్వనన్నాడు. ముందు తొట్టెలో ఇసుకా ఉప్పునీళ్ళూ పోసి కొన్ని వారాలు ఉంచాలట. నీళ్ళు కుదుట పడ్డాక ప్రాణులు. "ఇసుక మాత్రం శుభ్రంగా కడిగి వెయ్యండి సార్," అన్నాడు వెళ్ళేటప్పుడు.

ఈ ఒక్క మాట మా ఇంట్లో ఎట్లా అర్థమైందో చెప్పాలి.

మా ఇంటి గచ్చు సంగతి ఈ చుట్టుపక్కల పాతవాళ్ళందరికీ తెలుసు. ఇల్లు కట్టేటప్పుడు సున్నాన్ని పల్చటి గుడ్డలో జల్లించారని, నేల మీద చెయ్యి పెడితే పట్టు గుడ్డ ముట్టుకున్నట్టు ఉంటుందని మా మేనత్త వచ్చినవాళ్ళందరికీ చెప్తుంది, చెప్పులు బయట విప్పించి మరీ. మా ఇంట్లో శుభ్రం అంటే కడగడం తర్వాత. ముందు జల్లించాలి. నేను డ్యూటీకి పోయి వచ్చేసరికి ఆమె వాకిట్లో పీట వేసుకుని, పిండి జల్లెడ పట్టుకుని, ఇసుక బస్తా మొత్తం జల్లించి పెట్టింది. ఒక పక్క మంచులాంటి తెల్లటి మెత్తటి ఇసుక. ఇంకో పక్క చాటలో పగడపు ముక్కలూ గుల్ల పెంకులూ.

"చూసినవా అల్లుడా! అంగడోడు సగం రాళ్ళే కలిపిండు. మనమేమన్న మురికి మోరి కడుతున్నమా?"

నాకూ ఆ ఇసుక చూడగానే ఒళ్ళు పులకరించింది. పటేళ్ళ ఇంటికి తగిన నేల! ఇద్దరం కలిసి అదే వేశాం. దాని మీద ఒక మంచి రాయి పెట్టాం. తొట్టెను ముత్తాత ఫోటో ఎదురుగా, గోడ వారన నిలబెట్టాం.

నీళ్ళు కుదుట పడ్డాయని చెప్పిన రోజు నేను సెలవు పెట్టాను. అత్తాపూర్ నుంచి సంచులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చాను, బండి మీద కుదుపు ఎక్కువని. నా భార్య శంషాబాద్‌లో ఒక దవాఖానలో నర్సు. ఆమె కూడా ఆ పూట డ్యూటీ మార్చుకుంది. మేనత్త దిష్టి తీస్తానంది, నేను వద్దన్నాను. అయినా తీసింది.

"పేరేందన్నవు?"

"గోబీ అత్తా."

"గోబీ? కూరగాయ పేరు పెట్టుకొని వచ్చిందా మనింటికి!" అంది. వంగి తొట్టెలోకి చూసింది. చూసి, ఫోటో వైపు తిరిగింది. మళ్ళీ తొట్టె వైపు తిరిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ఓయమ్మో, మా తాత! అచ్చం మా తాత మూతే!"

అప్పటి నుంచి ఇంట్లో దాని పేరు పటేలు. నేను మందలించాను, ఇద్దరూ వినలేదు.

కాసేపటికి హాల్లో 'టప్' అని చప్పుడైంది. గట్టిగా, గాజు పగిలినట్టు. మా ముగ్గురికీ పై ప్రాణాలు పైనే పోయాయి. నేను రెండు చేతులూ చాపి తొట్టెను కావలించుకున్నాను, నీళ్ళు నా చేతులతో ఆగుతాయన్నట్టు. ఎక్కడా చీలిక లేదు. మళ్ళీ 'టప్'. చప్పుడు చేస్తున్నది రొయ్య! దానికి ఒక చెయ్యి పెద్దది. దాన్ని చిటిక వేసినట్టు మూస్తే తుపాకీ పేల్చినట్టు మోగుతుంది. ఇంత చేయి, అంత మోత! నా భార్య నేల మీద కూలబడి నవ్వింది. "పటేలుకు బందూకు సుత వచ్చింది," అంది మేనత్త.

రొయ్య పని మొదలుపెట్టింది. రాయి కిందికి దూరి ఇసుకను రెండు చేతులా నెట్టుకొచ్చి బయట పోస్తోంది. వెనక్కి పోతోంది, మళ్ళీ నెట్టుకొస్తోంది.

"జేసీబీ లెక్కున్నదిరా ఇది. మనూళ్ళ ప్లాట్లు చదును చేసేటందుకు పంపు దీన్ని."

వాళ్ళు వంటింట్లోకి పోయినా నేను కదల్లేదు. గోబీ నెమ్మదిగా రాయి దగ్గరికి జరిగింది. రొయ్య మీసం దాని పక్కకు తగిలింది. తగిలి, అక్కడే ఆగింది. ఒకదాన్నొకటి పట్టుకున్నాయి! నేను వంటింట్లోకి పరుగెత్తాను. ఈ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ పరుగెత్తగా నేను చూడలేదు.

తెల్లారి చూసేసరికి బొక్క లేదు.

రాయి కింద నున్నటి ఇసుక, ఏమీ జరగనట్టు. రొయ్య ఒక పక్క నుంచి మళ్ళీ తవ్వుతోంది. గోబీ తొట్టె మూలన గాజుకు ఆనుకుని ఉంది. రెక్కలు ముడుచుకుంది. పసుపు వెలిసిపోయి, నానబెట్టిన శనగపప్పు రంగుకు వచ్చింది. రొయ్య తవ్వి తవ్వి కాస్త గుమ్మం తీసేసరికి, పైన విమానం వచ్చింది. మా ఇంటి మీదుగా పోయే విమానాలు అలవాటు లేనివాళ్ళకు నెత్తికి తగులుతాయనిపిస్తుంది. కిటికీ రెక్కలు గడగడలాడతాయి, అల్మరాలో గిన్నెలు మాట్లాడతాయి. తొట్టెలో నీళ్ళు సన్నగా వణికాయి. ఇసుక జర్రున జారి గుమ్మం మూసుకుపోయింది. రొయ్య లోపలే ఉండిపోయింది. కాసేపటికి ఇసుకను చీల్చుకుంటూ పైకి వచ్చి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

ఆ రోజంతా అంతే. మరునాడూ అంతే. విమానం పోయినప్పుడల్లా ఇల్లు కూలుతోంది. గోబీకి నిలబడే గుమ్మం లేదు. నా భార్య దవాఖాన నుంచి తెచ్చిన కొత్త సిరంజితో మేత నీళ్ళను నేరుగా దాని నోటి ముందుకు వదిలింది. అది మొహం తిప్పుకుంది. రెండుసార్లు నీటి పైకి ఎగిరి మూతకు కొట్టుకుంది.

కాకినాడాయనకు ఫోన్ చేశాను. వెనక మేళం మోగుతోంది. అరిచి చెప్పాల్సి వచ్చింది.

"ఇల్లు నిలబడట్లేదా? అదేంటండీ? ఇసుకలో పగడపు ముక్కలు, గుల్ల పెంకులు ఉన్నాయి కదా! అవే సార్ దానికి ఇటుకలూ దూలాలూనూ."

ఆయన అరుపు హాలంతా వినబడింది. నేను మేనత్త వైపు చూశాను. ఆమె నా మొహం చూసి, నేను అడగకముందే, "కోళ్ళకేసిన," అంది.

"అంతా?"

"అంతా. సున్నపు రాళ్ళు గద, గుడ్డు పెంకు గట్టిపడతదని ఏసిన. పెద్దయి కుడితి తొట్టి కాడ గుంతల పోసి తొక్కిచ్చిన."

ఫోన్లో ఆయన ఇంకా మాట్లాడుతున్నాడు. "దుకాణం తాళాలు నా దగ్గరే ఉన్నాయండి. మా తోడల్లుడి కూతురి పెళ్ళి. ఎల్లుండి దాటితే గానీ రాలేను. అన్నాళ్ళు ఆగదు సార్. ఇల్లు లేని గోబీ తిండి మానేసి పోతుంది, లేదా ఎగిరెగిరి పోతుంది. ఎక్కడైనా సముద్రపు గుల్లలు, గవ్వలు సంపాదించండి. బాగా ఉడికించి, పగలగొట్టి వెయ్యండి. రంగులేసిన రాళ్ళు వద్దు. చెరువు నత్తగుల్లలూ వద్దు, లోపల కుళ్ళుంటుంది. సముద్రానివైతే మంచిది."

సముద్రానివి! శంషాబాద్‌లో! నేను కుర్చీలో కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను. మూలన పటేలు నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. రొయ్య కూలిన ఇసుకను మళ్ళీ నెట్టుకొస్తోంది, ఎవరో కూలి ఇస్తామన్నట్టు.

మేనత్త అల్మరాలోంచి కత్తెర తీసుకుని, స్టూలు తెచ్చి ఫోటో కింద వేసింది. ఎక్కింది. మేకు నుంచి పట్టెడలు రెండూ తీసింది.

"అత్తా, అవి ముట్టకు."

"సముద్రానివే గద గవ్వలు?"

"అవి మన ఎడ్ల పట్టెడలు. ఊరి ముందు నడిచిన ఎడ్లవి. పటేల్గిరీ పోయినా, చావడి పోయినా అవి మిగిలినయ్. ఇంట్లో ఇంకేం మిగిలింది చెప్పు?"

ఆమె స్టూలు దిగి, నేల మీద కూర్చుని, పట్టెడలు ఒళ్ళో పెట్టుకుంది. నూనె మరకలతో నల్లబడిన తోలు, దాని మీద వరసలుగా కుట్టిన గవ్వలు. కొన్ని పచ్చబడ్డాయి, కొన్ని ఇంకా పాలలా ఉన్నాయి.

"వీటిని కట్టింది ఎవ్వలనుకున్నవురా? మీ నాయినా? దాపటి ఎద్దు ఆయనను దగ్గరికి రానియ్యకపోతుండె. కుమ్మొస్తుండె. లంగాఓణీలు కట్టే పిల్లను నేను పోయి 'వంచు' అంటె మెడ వంచుతుండె. ఏరువాక నాడు దాని మెడకు నేనే కట్టేది. వలపటిదానికి కట్టేదాక అది కదలకపోతుండె, జోడుకు కట్టినంకనే నడుస్తుండె." తొట్టె వైపు గడ్డం ఎత్తింది. "వీటి లెక్కనే. ఒకటి చూస్తది, ఒకటి గుంజుతది. దాని ఇల్లు కోళ్ళకేసింది నేను. తిరిగి ఇచ్చేది నేనా, నువ్వా?"

ఫోటో వంక ఒకసారి చూశాను. తర్వాత అన్నాను, "సరే. ఒకటి తెంపు. ఒకటి ఉండనీ."

"జోడు విడదీస్తరా ఎవరన్న? పటేలు మనుమడివేనా?"

కత్తెర ఆమె చేతిలోనే ఉంది. దారం పట్టుమని తెగింది. గవ్వలు గచ్చు మీద రాలి, దొర్లి, మంచం కిందికీ తలుపు వారకూ పరుగెత్తాయి. ముగ్గురం మోకాళ్ళ మీద పాకుతూ ఏరాం.

నా భార్య వాటిని గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టింది. "లగ్గమైన కాన్నుంచి గీ పట్టెడలు దులుపనియ్యలే మీరు. ఇప్పుడేమో పప్పు లెక్క ఉడకబెట్టుమంటున్రు." నీళ్ళు నల్లగా దిగాయి. పారబోసి మళ్ళీ ఉడికించింది. మళ్ళీ పారబోసింది. గవ్వలు తెల్లగా తేలాయి. పగలగొట్టే పని నేనే చేస్తానన్నాను. పోయేవి ఎట్లాగూ పోతున్నాయి, ఇంటి మనిషి చేతిలో పోవాలి. రోట్లో వేసి రోకలితో ఒక్కొక్కటే చిట్లగొట్టాను. మొదటిది కొట్టడానికి చెయ్యి రాలేదు. తర్వాత వచ్చింది. కొన్నిటిని సగానికి విరిచాను, కొన్నిటిని మొత్తంగానే ఉంచాను, గుమ్మానికి పనికొస్తాయని. ఎందుకో ఆ పనిలో నాకు ఉత్సాహం పుట్టింది. ఏది దూలం, ఏది ఇటుక అని ముక్కలు వేరు చేస్తుంటే, సున్నం జల్లించిన నాటి మా పెద్దలు నా భుజం మీంచి చూస్తున్నట్టనిపించింది.

చల్లార్చి, కడిగి, పొడవాటి గరిటెతో రాయి చుట్టూ దించాం. ముగ్గురం తొట్టె ముందు కింద కూర్చున్నాం. మిట్టమధ్యాహ్నం. అన్నం ఎవరికీ గుర్తులేదు.

రొయ్య బయటికి వచ్చింది. మీసాలతో ఒక ముక్కను తడిమింది. పక్కకు పోయింది. ఇంకోదాన్ని తడిమింది. పోయింది.

"నచ్చలేనట్టున్నది," అంది నా భార్య.

"ఉండవే, బేరం చెయ్యనీ," అంది మేనత్త.

రొయ్య వెనక్కి వచ్చింది. మొదటి ముక్కనే పట్టుకుంది. లాగింది! వెనక్కి వెనక్కి నడుస్తూ, తన ఒంటికి సగమున్న గవ్వ ముక్కను ఈడ్చుకుంటూ రాయి కిందికి తీసుకుపోయింది. నా చేతికేదో చుట్టుకుంది. చూస్తే మేనత్త చెయ్యి. ఇంకో ముక్క పోయింది. ఇంకోటి. ఒక సగం గవ్వ గుమ్మం దగ్గర జారి పడింది, మళ్ళీ ఎత్తింది, మళ్ళీ పడింది. "జర వంచి పట్టు, వంచి పట్టు!" అని మేనత్త అరుస్తోంది, బండి ఎక్కించే కూలీలకు చెప్పినట్టు. మూడోసారి అది నిలిచింది, వీపు పైకి పెట్టి, సరిగ్గా గడప మీది కమానులా.

అప్పుడు విమానం మోత వినబడింది. దూరం నుంచి, దగ్గరయి, నెత్తి మీదికి వచ్చింది. కిటికీలు గడగడలాడాయి. నీళ్ళు వణికాయి. రాయి వారన ఇసుక కదిలింది, ఒక రేఖలా జారింది, జారి గవ్వల దగ్గరికి వచ్చింది.

ఆగింది.

విమానం పోయింది. గుమ్మం గుమ్మంలాగే ఉంది.

"నిలవడ్డది!" నా భార్య లేచి నిలబడింది. నేను ఏం అరిచానో నాకు తెలియదు. పక్కింటివాళ్ళు గోడ మీంచి ఏమైందని అడిగారు. అంత గోలలోనూ నా కళ్ళు మూల మీదే ఉన్నాయి. పటేలు కదిలింది. ఒక గెంతు, ఆగడం. ఇంకో గెంతు, ఆగడం. రాయి దగ్గరికి వచ్చి గుమ్మం ముందు నిలబడి లోపలికి తొంగి చూసింది. పరాయి ఇంట్లోకి పిలవకుండా పోనివాళ్ళు నిలబడినట్టు నిలబడింది. లోపలి నుంచి సన్నటి మీసం ఒకటి బయటికి వచ్చి, గాలించి, దాని బుగ్గకు తగిలింది. పటేలు వెనక్కి తిరిగింది. తోక ముందు లోపలికి పెట్టి, తల బయటికి ఉంచి, గవ్వల కింద కూర్చుంది. నోరు కిందికి వంచి మా ముగ్గురినీ చూసింది.

మేనత్త దండం పెట్టింది. అది చేపకో, ఫోటోకో నేను అడగలేదు.

మరునాడు పొద్దున రంగు తిరిగి వచ్చింది. సిరంజితో వదిలిన మేతను గుమ్మం దాటకుండానే గుటుక్కున అందుకుంది. ఆ తర్వాత దాని దర్జా చెప్పతరం కాదు. విమానం వస్తే మొదట్లో తోక ఆడించి లోపలికి దూకేది. కొన్నాళ్ళకు అది హాని చేసేది కాదని తెలుసుకుంది. ఇప్పుడు విమానం పోతున్నా కదలదు. మేనత్త చీపురుతో హాల్లోకి వస్తే మాత్రం లోపలికి పోతుంది.

కాకినాడాయన పెళ్ళి నుంచి వచ్చి, సంచి నిండా పగడపు ముక్కలు పట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు. డబ్బు వద్దన్నాడు. నేను సంచి వద్దన్నాను. మేనత్త మధ్యలో వచ్చి సంచి తీసుకుని, ఆయన చేతిలో బుట్టెడు కోడిగుడ్లు పెట్టింది. "ఉడకబెట్టుకో నాయినా. పెంకు పగలకుంటె నన్ను తిట్టకు, నీ రాళ్ళే తిన్నయ్ మా కోళ్ళు."

ఆయన తొట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు. "ఇట్లాంటి గుమ్మం నేను సముద్రంలో కూడా చూసుండను సార్," అన్నాడు. తర్వాత కళ్ళద్దాలు సర్దుకుని ఇంకా దగ్గరికి జరిగాడు. "అవునండీ, ఈ గవ్వలకి చిల్లులేంటి?"

కుట్టు చిల్లులని చెప్పాను. ముత్తాత ఫోటో చూపించాను. ఏరువాక గురించి, ఊరి ముందు నడిచిన జోడెడ్ల గురించి, వాటి మెడల్లోని పట్టెడల గురించి చెప్పాను. చెప్తున్నంతసేపూ నా నడుము నిటారుగానే ఉంది.

"మరి ఆ ఎడ్లేమయ్యాయి సార్?"

మా వైపు పశువును అమ్మితే పలుపుగానీ పట్టెడగానీ ఇవ్వరు. కొన్నవాడు తన తాడు తాను తెచ్చుకోవాలి, ఇంటి తాడు ఇంట్లోనే ఉండాలి. అందుకే పట్టెడలు మాకు మిగిలాయి. ఎడ్లను మా నాన్న అంగట్లో అమ్మాడు. మరుసటి ఎండాకాలం ఎడ్లబండి కూడా అమ్మాడు.